మావయ్య కోసం చేసిన కరెంటు పెట్టె

పలాస
సెప్టెంబరు 20

బావా,

మావయ్య నెబ్యులైజర్ గురించి ఇక బెంగ పెట్టుకోకు. కరెంటు పోయినా దాన్ని నడిపే బ్యాటరీ పెట్టె తయారైంది, మీ ఇంట్లో పెట్టేసి వచ్చాను. తుపాన్ల రోజులు మొదలయ్యేలోగా పూర్తి చెయ్యాలని పట్టుబట్టి కూర్చున్నాను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఇక్కడ తీరం దాటాక ఉద్దానంలో చాలా ఊళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు. మస్కట్లో ఫోను కలవక నువ్వెంత అల్లాడిపోయావో నాకు తెలుసు.

మేడ మీద సోలార్ పెట్టిద్దామన్నావు. అది బిల్లు తగ్గిస్తుంది గానీ, బ్యాటరీ లేని మామూలు సోలార్, లైన్లో కరెంటు పోగానే తనంతట తానే ఆగిపోతుంది. తెగిన తీగలు సరిచేసే లైన్‌మన్‌కి షాక్ కొట్టకూడదని ఆ ఏర్పాటు. అది ఉండాల్సిందే. కానీ మనకు అవసరమయ్యేది సరిగ్గా అప్పుడే కదా! పైగా మన పెట్టెకిచ్చే సోలార్ పలకనైతే గాలి రేగకముందే ఇంట్లోకి తెచ్చుకోవచ్చు.

ఏదీ కొనకముందే మావయ్య పక్కన కూర్చుని, రాత్రికి ఏమేం నడవాలో రాసుకున్నాను. బీఎల్‌డీసీ ఫ్యాను 28 వాట్లు, పది గంటలకి 280 వాట్-అవర్లు. 9 వాట్ల బల్బులు రెండు, ఆరు గంటలకి 108. నెబ్యులైజర్ 100 వాట్లు లాగినా, పదేసి నిమిషాలు మూడుసార్లకి 50. ఫోన్లకి 30. ఇన్వర్టర్ తినేది కలిపినా 550 దాటదు. 3.2 వోల్టుల, 100 ఆంపియర్-అవర్ల సెల్స్ నాలుగు వరసగా కలిపితే 1280 వాట్-అవర్లు వస్తాయి. రెండు రాత్రులకి ఢోకా లేదు. తుపాను పోయి ఎండ కాస్తే 200 వాట్ల పలక రోజుకి 600 దాకా తిరిగి నింపుతుంది.

సెల్స్ లిథియం ఐరన్ ఫాస్ఫేటువి. 2019లో నోబెల్ అందుకున్న జాన్ గుడ్‌ఇనఫ్ బృందం 1990లలో టెక్సాస్‌లో కనిపెట్టిన రకం. ఇందులో ఆక్సిజన్‌ని ఫాస్ఫరస్ గట్టిగా పట్టుకుని ఉంటుంది. అందుకే మిగతా లిథియం బ్యాటరీల్లా తేలిగ్గా మంటలంటుకోవు. ముసలివాళ్లు పడుకునే గదిలో పెట్టేది కాబట్టి వేరే రకం వైపు చూడలేదు.

అయినా కూర్చేటప్పుడు ఒళ్లు దగ్గర పెట్టుకునే చేశాను. ఉంగరం, గడియారం తీసేశాను. స్పానర్ పిడికి చివరిదాకా టేపు చుట్టాను. అది జారి రెండు టెర్మినళ్ల మీద అడ్డంగా పడితే చాలు, వందల ఆంపియర్లు ఒక్కసారిగా పారి లోహం కరిగిపోతుంది. సెల్స్‌ని కాపాడే బీఎంఎస్ బోర్డు సన్న తీగలు మైనస్ వైపు నుంచి వరసగా కలుపుతూ, పక్కపక్క తీగల మధ్య మీటరు పెట్టి చూశాను. అన్నిచోట్లా 3.3 చూపించాకే ప్లగ్గు బోర్డుకి పెట్టాను. ప్లస్ టెర్మినల్‌కి బెత్తెడు దూరంలోనే 60 ఆంపియర్ల ఫ్యూజు ఉంది. ఎక్కడ డబ్బు మిగుల్చుకున్నా అక్కడ మాత్రం మిగుల్చుకోకూడదు. ఇన్వర్టర్ 500 వాట్లది, ప్యూర్ సైన్ వేవ్. నెబ్యులైజర్‌లో ఉన్నది మోటారు కదా, చవకరకం ఇన్వర్టర్ మీద అది వేడెక్కి గోల పెడుతుంది.

ఈ సెల్స్‌లో వోల్టేజీ దాదాపు చివరిదాకా ఒకేలా ఉంటుంది. దాన్నిబట్టి ఎంత మిగిలిందో చెప్పలేం. అందుకని లోపలికెళ్లిందీ బయటికొచ్చిందీ లెక్కగట్టే మీటరు బిగించాను, శాతం పెద్ద అంకెల్లో కనిపిస్తుంది. 30కి దిగితే ఫ్యాను ఆపేసి, మిగిలింది నెబ్యులైజర్‌కి ఉంచమని చెప్పాను. అత్తయ్యకి ఒక్కసారికే వచ్చేసింది.

ఒక్కటే నీ వల్ల కావాల్సిన పని. మావయ్య పెట్టె మీద తువ్వాలు, పేపర్లు పెట్టేస్తున్నారు. ఇన్వర్టర్‌కి గాలి ఆడాలి. నేను చెబితే నవ్వి ఊరుకుంటున్నారు, ఈసారి ఫోన్ చేసినప్పుడు నువ్వు గట్టిగా చెప్పు.

నీ బావ