రెండు వీధి పలకలు

న్యూయార్క్ అనగానే స్వేచ్ఛా ప్రతిమ, ఆకాశహర్మ్యాలు మనసులో మెదలడం సహజం. గత సంవత్సరం మా అమ్మాయి ఇంటికి వెళ్ళినప్పుడు అవన్నీ మేమూ చూశాము. అయితే మనసులో నిలిచిపోయినవి మాత్రం మా అల్లుడు చూపించిన రెండు వీధి పలకలు.

మొదటిది క్వీన్స్ ప్రాంతంలోని ఫారెస్ట్ హిల్స్ ఉన్నత పాఠశాల వద్ద ఉన్నది. 67వ అవెన్యూ స్టేషనులో భూగర్భ రైలు దిగి నెమ్మదిగా నడిచి వెళ్ళాము. 2016లో ఆ కూడలికి ‘రామోన్స్ వే’ అని పేరు పెట్టారు. 1974లో ఈ పేట యువకులు నలుగురు రామోన్స్ అనే సంగీత బృందాన్ని స్థాపించారు. వారిది పంక్ రాక్ బాణీ. అమిత వేగం, బహు కొద్ది స్వరాలు. 1976 నాటి వారి తొలి ఆల్బమ్‌లో 14 పాటలున్నా, మొత్తం నిడివి అరగంట లోపే!

వారిలో ఏ ఇద్దరూ అన్నదమ్ములు కారు. అయినా జోయి, జానీ, డీడీ, టామీ నలుగురూ తమ ఇంటిపేర్లు విడిచి రామోన్ అనే ఒకే ఇంటిపేరు ధరించారు. తరువాత చేరిన వారికీ అదే సంక్రమించింది. 2,263 ప్రదర్శనల అనంతరం 1996 ఆగస్టు 6న లాస్ ఏంజెలెస్‌లో ఆ బృందం చివరిసారి వేదిక ఎక్కింది.

రెండవ పలక కోసం మన్‌హటన్‌లోని బవరీ వీధికి వెళ్ళాము. రామోన్స్‌కు పేరు తెచ్చిన సీబీజీబీ సంగీతశాల అక్కడే ఉండేది. 2006లో అది మూతపడగా, 2008లో ఆ చోట బట్టల దుకాణం వెలసింది. సమీపంలోనే ‘జోయి రామోన్ ప్లేస్’ అన్న పలక ఉన్నది. అభిమానులు పదేపదే ఎత్తుకుపోతూ ఉండటంతో దానిని 20 అడుగుల ఎత్తున బిగించారట.

ఆ పలక క్రింద నిలబడి మా అల్లుడు ఒక విశేషం చెప్పాడు. బృందం ముగిశాక, 1989లోనే వైదొలగిన డీడీ, డ్రమ్ములు వాయించిన మార్కీ, డీడీ భార్య బార్బరా కలసి ‘రామైన్జ్’ అనే నివాళి బృందాన్ని ఏర్పరచారు. ‘మిగిలినవి’ అనే అర్థమిచ్చే ఆంగ్ల పదంతో అది శ్లేష. వాయించినవి ఆ పాత పాటలే. వాటిలో అనేకం డీడీ స్వయంగా వ్రాసినవి!

తన పాటకు తానే నివాళి అర్పించడమేమిటని మాకు మొదట నవ్వు వచ్చింది. “మీ విశ్రాంత మిత్రులు ఇప్పటికీ షిఫ్టు సైరను వినగానే గడియారం చూసుకోరూ?” అన్నది మా శ్రీమతి. మా నవ్వు ఆగిపోయింది. ఉద్యోగ విరమణతో హోదా పోతుంది, కుర్చీ పోతుంది. ఇంటిపేరుకు బదులు సంస్థ పేరుతో పిలిపించుకున్న మనిషికి ఆ పేరూ, చేతికి అలవాటైన పనీ మిగులుతాయి. ఆ పనిని ప్రేమతో మళ్ళీ పట్టుకోవడమే రామైన్జ్ చేసింది.

2001లో జోయి, 2002లో డీడీ, 2004లో జానీ, 2014లో టామీ కన్నుమూశారు. స్థాపకులలో ఇప్పుడు ఎవరూ లేరు. తిరిగి వచ్చేటప్పుడు రైలులో మా ఎదుట కూర్చున్న ఒక కుర్రవాడి చొక్కా మీద రామోన్స్ పేరు కనిపించింది. మేమిద్దరం ఒకరినొకరు చూసుకొని చిరునవ్వు నవ్వుకున్నాము.