అడగక్కర్లేని ఊరు

మా వనపర్తి నుంచి కృష్ణ దాటితే గద్వాల జిల్లా. అక్కడ రాజోలి మండలం పెద్దధన్వాడలో ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దంటూ 2025 జూన్‌లో రైతులు తిరగబడ్డారు. అరెస్టులయ్యాయి. అదే నెలలో రైతులను సంకెళ్ళతో అలంపూర్ కోర్టుకి తెచ్చారు. “అభ్యంతరముంటే ముందే చెప్పాల్సింది కదా!” అన్నాడు మా ఆఫీసులో ఒకాయన.

ఎక్కడ చెప్పాలి?

2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్‌లో ప్రజాభిప్రాయ సేకరణ ఉంది. నివేదిక సారాంశం స్థానిక భాషలోనూ ఇవ్వాలి. 2021 జూన్‌లో కేంద్రం దాన్ని సవరించింది. పెట్రోల్‌లో కలిపే ఇథనాల్ కోసమే ధాన్యంతో నడిచే, మురుగునీరు బయటికి వదలని ఫ్యాక్టరీలని ‘బి2’లో చేర్చింది. బి2 అంటే పర్యావరణ ప్రభావ నివేదికా అక్కర్లేదు, ఊళ్ళో సభా అక్కర్లేదు. మేం కోడ్‌లో రాసే ‘ఇఫ్’ లాంటిదే ఇదీ. ఒక్క లైనుతో మొత్తం స్టెప్పునే దాటేయొచ్చు.

రసాయనాలూ రహస్యాలూ అంటే భోపాల్ గుర్తొస్తుంది. 1984 డిసెంబర్‌లో, జనం పీల్చింది ఏ గ్యాసో తెలియకుండానే డాక్టర్లు వైద్యం చేయాల్సొచ్చింది. అప్పుడు దాచారు. ఇప్పుడా అవసరం లేదు. ఈ నోటిఫికేషన్ నెట్‌లోనే ఉంది, నేనూ చదివాను. చెప్పాల్సిన బాధ్యతే తీసేశాక ఇంక దాచేదేముంది?

ఫ్యాక్టరీ మంచిదా చెడ్డదా అన్నది తర్వాతి మాట. తుంగభద్ర నీళ్ళతో బతికేవాళ్ళకి, కంపెనీవాళ్ళని నలుగురి ముందు నిలబెట్టి అడిగే రోజు ఒకటుండాలి. అదీ లేకపోతే వాళ్ళకి మిగిలేది రోడ్డే.