రెండు చెంబుల నీళ్ళు

మా ఆఫీసు ఎనిమిది అడుగుల వెడల్పు, పది అడుగుల పొడవు. అబిడ్స్‌లో చిరాగ్ అలీ లేన్ వెనకాల ఒక పాత అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో ఉంటుంది. ఉద్యోగి నేనొక్కణ్ణే. ఒక బల్ల, ఒక కుర్చీ, రెండు మానిటర్లు. వాటితోపాటు ఆ గదిలోంచి బయటికి తీయలేకపోయిన ఒక ఇనప బీరువా, ఒక పేము కుర్చీ. ఆ రెండూ నాన్నవి. గది కూడా నాన్నదే.

ఆయన 2018లో పోయాక ఆ గది దాదాపు మూసే ఉండేది. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి, లాప్‌టాప్ పట్టుకుని ఇంట్లో ఎక్కడ కూర్చోవాలో తెలీక బల్లని అందులోకి లాగాను. రెండు వారాలే కదా అనుకున్నాను. ఆ తర్వాత సంగతి మీకూ తెలుసు.

అమ్మ ఆ గదిలోకి వచ్చేది కాదు. కాఫీ తెచ్చి గడప దగ్గరే ఆగి, చెయ్యి చాపి ఇచ్చేది. కాల్‌లో ఉన్నానని మొహమాటపడుతోందనుకున్నాను. తలకి హెడ్‌ఫోన్స్ ఉంటాయి కాబట్టి అడగాలని కూడా అనిపించలేదు. పది అడుగుల దూరంలో ఉండి, రోజుకి పది మాటలు మాట్లాడుకునేవాళ్ళం. అందులో నాలుగు అన్నం గురించే.

మొక్కల ఆలోచన నాది కాదు. ఒకరోజు కాల్‌లో మా టీమ్‌లో ఒకమ్మాయి, "నీ వెనకాల పోలీస్ స్టేషన్‌లా ఉంది" అంది. తిరిగి చూస్తే నిజమే. ఇనప బీరువా, పెచ్చులూడిన గోడ, ట్యూబ్‌లైటు. ఒకే ఒక్క కిటికీ, దానికెప్పుడూ కర్టెన్. తెరిస్తే స్క్రీన్ మీద వెలుతురు పడుతుంది. పైగా కనిపించేది పక్క బిల్డింగు గోడే కదా, తెరిచి ఏం లాభం?

అది 2023 జనవరి. నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో నుమాయిష్ నడుస్తోంది. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలైన ఈ జాతరకి మా ఇంటినుంచి నడిచే వెళ్ళొచ్చు. చిన్నప్పుడు నాన్న చెయ్యి పట్టుకుని వెళ్ళినప్పుడు నా లక్ష్యం మిర్చిబజ్జీ, జెయింట్ వీలు. ఈసారి ఖుర్జా పింగాణీ స్టాల్ ముందు అరగంట నిలబడి, నీలం పూలున్న మూడు కుండీలు బేరమాడి కొన్నాను. మర్నాడు మొక్కలు. తోపుడు బండాయన స్నేక్ ప్లాంటు, అరెకా పామ్, మనీ ప్లాంటు చేతిలో పెట్టి, "కడియం మాల్ సార్" అన్నాడు, బాస్మతికి డెహ్రాడూన్ పేరు చెప్పినట్టు. రాజమండ్రి పక్కన కడియం నర్సరీల్లో పెరిగి, లారీలో నగరానికి వచ్చి, నా మానిటర్ వెనకాల ఒక మూలకి చేరాయి. నేనూ చదువుకుని ఇలాంటి మూలకే చేరాను కాబట్టి వాటిమీద కాస్త సానుభూతి కలిగింది.

ఆ మూడే ఎందుకంటే, దానికో కథ ఉంది. ఢిల్లీకి చెందిన కమల్ మీటిల్ 2009లో ఒక టెడ్ ప్రసంగం ఇచ్చాడు. ఈ మూడు మొక్కలతో ఇంట్లోనే మంచి గాలి పండించుకోవచ్చంటాడు. దానికన్నా ముందు, 1989లో నాసా తరఫున వుల్వర్టన్ బృందం చేసిన అధ్యయనం ఒకటుంది. ఇంట్లో పెంచే మొక్కలు బెంజీన్, ఫార్మాల్డిహైడ్ లాంటి వాటిని గాలిలోంచి తొలగించగలవని అందులో తేలింది. నర్సరీ ప్రకటనల్లో కనిపించే 'నాసా చెప్పింది' అన్న మాట అక్కణ్ణుంచి వచ్చిందే. కానీ ఆ ప్రయోగాలు జరిగింది గాలి చొరబడకుండా మూసేసిన చిన్న పెట్టెల్లో. మన ఇళ్ళు పెట్టెలు కావు, తలుపు సందుల్లోంచి గాలి వచ్చి పోతూనే ఉంటుంది. 2019లో కమింగ్స్, వేరింగ్ అనే ఇద్దరు పరిశోధకులు పాత అధ్యయనాలన్నీ ముందేసుకుని లెక్కగట్టారు. మామూలుగా వచ్చిపోయే గాలి చేసే పనిని మొక్కలు చెయ్యాలంటే, చదరపు మీటరుకి 10 నుంచి 1000 మొక్కలు కావాలట. మా గది ఏడు చదరపు మీటర్ల పైచిలుకు. అంటే కనీసం డెబ్భై కుండీలు. అప్పుడు బల్ల, నేను, బీరువా బయట ఉండాలి.

ఇదంతా నేను మొక్కలు చచ్చాక చదివాను. కొనే ముందు చదివి ఉంటే కొనేవాణ్ణి కాదేమో.

మొదటి నెల బాగానే ఉంది. కాల్‌లో అందరూ మెచ్చుకున్నారు. నేను రోజూ పొద్దున లాగిన్ అయ్యే ముందు ఒక చెంబు నీళ్ళు మూడింటికీ పంచేవాణ్ణి. మార్చి వచ్చేసరికి అరెకా ఆకులు పసుపెక్కాయి. ఎండలు ముదురుతున్నాయి కదా, దాహం అనుకుని నీళ్ళు పెంచాను. ఒకరోజు స్ప్రింట్ రివ్యూ నడుస్తుండగా స్నేక్ ప్లాంటు ఆకొకటి చప్పుడు లేకుండా ఒరిగి, కీబోర్డు పక్కన పడింది. మొదలు చూస్తే మెత్తగా కుళ్ళిపోయి ఉంది. వాసన కూడా.

ఆ ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేయడం నా అలవాటు ప్రకారం ముగించుకుని, అక్కణ్ణుంచి పబ్లిక్ గార్డెన్స్‌కి నడిచాను. 1846 నాటి తోట. బాగ్-ఎ-ఆమ్, అంటే అందరి తోట. మా చుట్టుపక్కల పేర్లలో బాగ్‌లకి కొదవ లేదు. జాంబాగ్, బషీర్‌బాగ్. పేర్లలో తోటలు మిగిలాయి, నేల మీద పార్కింగ్ మిగిలింది. అందుకే ఈ ఒక్కటి నాకు ఇష్టం. అక్కడ పాదులు తవ్వుతున్న మాలీకి ఫోన్‌లో ఫొటో చూపించాను. ఆయన ఫోన్ చేతిలోకి తీసుకోకుండానే, "పానీ కమ్ హోకే నై మర్తే సాబ్, జ్యాదా హోకే మర్తే" అన్నాడు.

ఇంటికొచ్చి కుండీ బోర్లించాను. మా ఉద్యోగంలో సిస్టమ్ పడిపోతే రూట్ కాజ్ అనాలిసిస్ అని చేస్తాం. ఈసారి నిజంగానే వేళ్ళు తవ్వాల్సి వచ్చింది. కారణాలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. ఒకటి, నీలం పూల కుండీకి అడుగున చిల్లే లేదు. అందం చూసి కొన్నవాడికి అది కనిపించలేదు. నీళ్ళు నిలిస్తే మట్టిలో గాలి ఉండదు, వేళ్ళకీ ఊపిరి కావాలి. రెండు, చీకటి. ఫోన్‌లో లక్స్ మీటర్ యాప్ వేసి చూస్తే, కర్టెన్ తీసిన కిటికీ దగ్గర 900, మొక్కలున్న మూల 60. మన కన్ను సర్దుకుపోతుంది కాబట్టి మనకి తేడా తెలీదు. వెలుతురు లేని మొక్క నీళ్ళు వాడుకోలేదు. స్నేక్ ప్లాంటుకైతే ఆకుల్లోనే నీళ్ళ నిల్వ ఉంటుంది, పగలు పత్రరంధ్రాలు మూసుకుని రాత్రిళ్ళు తెరుస్తుంది. ఎడారి లెక్కల్లో బతికే మొక్క అది.

అయినా లెక్క కుదరలేదు. నేను పోసిన నీళ్ళకి ఇంత బురదా?

"అమ్మా, ఇందులో నువ్వేమన్నా పోస్తున్నావా?"

వంటింట్లోంచి జవాబు రావడానికి కొంచెం టైం పట్టింది. "రోజూ పోస్త గద. నువ్వు పోస్తలేవనుకున్న."

"నేనూ రోజూ పోస్తున్నా."

"అయ్యో!"

సాఫ్ట్‌వేర్‌లో దీన్ని రేస్ కండిషన్ అంటాం. ఒకే చోట రెండు ప్రాసెస్‌లు, ఒకదాని సంగతి ఇంకోదానికి తెలీకుండా రాసుకుంటూ పోతాయి. ఏదీ తప్పు చెయ్యదు. రెండూ తమ పని సక్రమంగా చేస్తాయి, ఫలితం మాత్రం పాడవుతుంది. ఈ పాఠం నేను జూనియర్లకి స్లైడ్లు వేసి చెప్తాను.

"ఎప్పుడు పోస్తున్నావ్? నువ్వు ఆ గదిలోకే రావు కదా?"

"నువ్వు మూడింటికి చాయ్‌కి కిందికి పోతవు గద, అప్పుడు."

ఇరానీ చాయ్‌కి నేను వెళ్ళొచ్చేసరికి అరగంట పడుతుంది. మూడు కుండీలకి అరగంటా? అడిగాను. అమ్మ చేతులు కొంగుకి తుడుచుకుంటూ అటు తిరిగింది.

"కొంచెంసేపు ఆ కుర్చీల కూసుంట. ఊకె పోయి కూసుంటే ఎట్లుంటది రా, అది నీ ఆఫీసు. నీళ్ళకైతే పోవచ్చు గద."

నేను ఏం మాట్లాడలేదు. కుళ్ళిన వేళ్ళు చేతిలో అలాగే ఉన్నాయి.

పుస్తక సమీక్షలు రాసుకునేవాణ్ణి కాబట్టి ఇంకో మాట ఒప్పుకోవాలి. ఎప్పుడో ఒక కథ మీద రాస్తూ, అందులో ముసలామె నీళ్ళు పోసే తులసికోటని 'సంప్రదాయానికి ప్రతీక' అని తేల్చి పారేశాను. మా బాల్కనీలో పదకొండేళ్ళుగా తులసి బతికే ఉంది. అమ్మ రోజూ వేలితో మట్టి తడి చూసి, పురుగు పట్టిన ఆకు గిల్లి, అప్పుడు నీళ్ళు పోస్తుంది. ఇంట్లో అంత తెలిసిన మనిషి ఉండగా నేను యూట్యూబ్‌లో కాలిఫోర్నియా వాళ్ళని అడిగాను. అమ్మ వేలు నా కుండీల్లో ఎందుకు పెట్టలేదంటే, "నీ సామాను, నాకేం ఎరుక?" అంది.

తర్వాత జరిగింది పెద్ద విశేషం కాదు. అడుగున చిల్లున్న మట్టి కుండీలు తెచ్చాను. ఎర్రమట్టి, ఇసుక, కోకోపీట్ పాళ్ళు అమ్మ చెప్పింది. మొక్కలకి వెలుతురు కావాలంటే కిటికీ దగ్గర పెట్టాలి. కిటికీ తెరవాలంటే బల్ల తిప్పాలి. బల్ల తిప్పాలంటే బీరువా జరపాలి. దాంట్లో ఉన్న నాన్న చొక్కాలు తీయకుండా అది కదలదు. ఆ శనివారం ఇద్దరం కూర్చుని ఐదేళ్ళుగా ముట్టుకోని బీరువా ఖాళీ చేశాం. రెండు చొక్కాలు ఉంచుకుంది. మిగతావి మూట కట్టింది. ఏడుస్తుందేమోనని భయపడ్డాను. జేబులో దొరికిన సిటీ బస్సు టికెట్టు చూసి నవ్వింది.

రోజర్ అల్రిచ్ అనే ఆయన 1984లో సైన్స్ పత్రికలో అచ్చువేసిన అధ్యయనం ఒకటి ఉంది. పెన్సిల్వేనియాలో ఒక ఆస్పత్రి, పిత్తాశయం ఆపరేషనైన 46 మంది రోగులు. సగం మంది కిటికీలోంచి చెట్లు కనిపించేవి, సగం మందికి ఇటుక గోడ. చెట్లు చూసినవాళ్ళు కాస్త ముందే ఇంటికెళ్ళారు, గట్టి నొప్పి మందులు తక్కువ వాడారు. మా కిటికీలోంచి ఇప్పటికీ గోడే కనిపిస్తుంది. కాకపోతే గోడకీ నాకూ మధ్య మనీ ప్లాంటు అడ్డం వచ్చింది. మధ్యాహ్నం పన్నెండింటికి ఎండ ఆ గోడ మీద పడి లోపలికి తిరిగొస్తుందని ఇన్నేళ్ళకి తెలిసింది. మొక్కలు మా గది గాలిని శుభ్రం చేశాయని నేను చెప్పలేను. వాటికోసం కిటికీ తెరిచాం, గాలి దానంతటదే వచ్చింది.

నీళ్ళ సమస్యకి అమ్మే పరిష్కారం కనిపెట్టింది. కిటికీ గట్టు మీద ఒక రాగి చెంబు. బోర్లించి ఉంటే ఆరోజు మట్టి చూసేసినట్టు, రెండోవాళ్ళు ముట్టుకోకూడదు. పొద్దున మళ్ళీ నిలబెడతాం. నేను స్లైడ్లలో చెప్పే లాక్‌కి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలీదు.

ఇప్పుడు వారానికి మూడు రోజులు ఆఫీసుకి రమ్మన్నారు. నాంపల్లిలో మెట్రో ఎక్కి వెళ్తున్నాను. అక్కడ లాబీ నిండా పెద్ద పెద్ద మొక్కలు, నీళ్ళు పోసేవాళ్ళు ఎప్పుడొస్తారో తెలీదు. రాత్రి ఇంటికొచ్చి బూట్లు విప్పకుండానే ముందు ఆ గదిలో లైటు వేస్తాను. చెంబు బోర్లించి ఉంటుంది. పేము కుర్చీ కిటికీ వైపు తిరిగి ఉంటుంది.