తాత భోజనం, చిల్లు గారె: ధనుర్మాసం కబుర్లు

ధనుర్మాసం సగం దాటింది. కాకినాడలో చలి ఎంతోసేపు ఉండదు గానీ, తెల్లవారుజామున నాలుగున్నరకి ముగ్గు వెయ్యడానికి వాకిట్లోకి వస్తే శాలువా కప్పుకోవాల్సిందే. అప్పటికే వీధి చివర గుడి మైకులో తిరుప్పావై వినిపిస్తూ ఉంటుంది. మొత్తం 30 పాశురాలు, రోజుకొకటి. కొత్త బెల్లం వచ్చింది. బంతిపూల బుట్టలు దిగాయి. ఎదురింటి పిల్లలు భోగి పిడకలు చేసి మా ప్రహరీ మీదే ఆరబెట్టారు. ఆరబెట్టుకోనిచ్చాను, మా పిల్లలూ ఒకప్పుడు అక్కడే ఆరబెట్టేవాళ్ళు.

అరిసెల చెక్కలు దింపుదామని నిన్న మధ్యాహ్నం అటక ఎక్కితే పాత క్యాలెండర్ల కట్ట దొరికింది. అన్నీ వెంకట్రామా వారివే. తిథికీ వర్జ్యానికీ పోగా గడిలో మిగిలే కాస్త చోటులో పాల లెక్క, గ్యాస్ బండ వచ్చిన తేదీ రాసుకునేదాన్ని. వాటి పక్కనే పిల్లలు అన్న మాటలు. అరిసెల సంగతి మరిచిపోయి సాయంత్రం దీపం పెట్టేదాకా వాటితోనే కూర్చున్నాను.

2003 జనవరి 12, ఆదివారం. గడిలో ‘బాబు 4 అడుగులు, అరిసె’ అని ఉంది. పెద్దాడికి అప్పుడు పదమూడో నెల. మన ఇళ్ళలో బోర్లాపడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు, పలుకులకి పంచదార చిలకలు పంచుతారు కదా. అత్తయ్యగారు తడిబియ్యం దంపించి, పాకం పట్టి, అరిసెలు వండారు. ఉతికిన పంచె పరిచి, వాటిని వరసగా పేర్చి, మనవడిని ఈ చివర నిలబెట్టారు. వీధిలో ఆడవాళ్ళంతా చుట్టూ చేరారు. వాడు నాలుగు అరిసెలు తొక్కాడు, అయిదోదాని దగ్గర చతికిలబడ్డాడు, దాన్ని రెండు చేతులతో పట్టుకుని కొరికాడు. ఇక లేవడే! “నడిస్తేనే పెడతార్రా” అని వాళ్ళ తాత అవతలి చివర నుంచి చేతులు చాపి పిలుస్తుంటే, కొరికిన అరిసె ఆయనకి చూపించి నవ్వాడు. ఆ రోజు పంచిన అరిసెల కన్నా వాడు కొరికిన అరిసె గురించే వీధిలో నెల్లాళ్ళు చెప్పుకున్నారు.

ఏడాది తిరిగి భోగి వచ్చింది. రేగిపళ్ళు, చిల్లర డబ్బులు, చెరకుముక్కలు, నానబెట్టిన సెనగలు, బంతిరేకలు కలిపి, అయిదేళ్ళలోపు పిల్లలకి దిష్టి తీసి తలమీద పోస్తాం. సూర్యుడి పండగ కాబట్టి అర్కఫలమని పేరున్న రేగిపండు అందులో ఉండి తీరాలంటారు అత్తయ్యగారు. పెద్దాడికి ఈ సంగతులేం తెలుస్తాయి? అయిదుగురు ముత్తైదువలు పోశాక దిగి, తిన్నగా తాత దగ్గరికి పోయి ఒక్కొక్కరినీ వేలుపెట్టి చూపిస్తూ “ఈళ్ళు నన్ను పళ్ళతో తొత్తారు” అని ఫిర్యాదు చేశాడు. అప్పట్లో వాడికి ‘క’ పలికేది కాదు, అన్నీ ‘త’లే. కొట్టడం తొత్తడం, కాకి తాతి. అందరం చీరకొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నాం. మామయ్యగారు మాత్రం నవ్వలేదు. వాడి తలలోంచి బంతిరేకలు ఏరుతూ “అవునా నాన్నా, నేను అడుగుతాలే” అన్నారు.

చిన్నది అన్నకి పూర్తిగా వ్యతిరేకం. భోగిపళ్ళు పోసిన మర్నాడు కూడా పీట తెచ్చుకుని హాల్లో కూర్చుని, పాలు పోసే అతని నుంచి పోస్ట్‌మాన్ దాకా గుమ్మంలోకి వచ్చినవాళ్ళందరినీ “పొయ్యండి, పొయ్యండి” అని పిలిచింది.

ఈసారి హరిదాసు ఇంకా మా వీధికి రాలేదు. చిన్నదానికి రెండున్నరేళ్ళప్పుడు, అంటే 2008 జనవరిలో, ఆయన రోజూ వచ్చేవాడు. మోకాలు వంచి కూర్చుని నెత్తి మీది అక్షయపాత్ర వంచితే ఇది గుప్పెడు బియ్యం తెచ్చేది. సగం దారిలోనే ఒలికిపోయేవి. బియ్యం వేశాక తనూ ఆయన ఎదురుగా మోకాలు వంచి కూర్చునేది. ఆ పండగ నాలుగు రోజులూ స్టీలు గిన్నె నెత్తిన పెట్టుకుని తిరిగింది. స్నానానికి తియ్యమంటే “హరిదాసు తియ్యడు” అంది. నిజమే, ఇంటికి చేరేదాకా ఆయన అక్షయపాత్ర దించడు. దాన్ని ఎలా ఒప్పించాలో తెలియక గిన్నెతోనే లాల పోశాను.

గంగిరెద్దు ముచ్చట అదే నెలలో, 11వ తేదీ గడిలో ఉంది. రంగుల బొంత కప్పుకుని, మెడలో గంటలతో, అంత పెద్ద ఎద్దు గుమ్మంలో నిలబడితే పెద్దాడు గదిలోకి పారిపోయాడు. చిన్నది ముందుకెళ్ళి తలెత్తి, “బువ్వ తిన్నావా?” అని అడిగింది. సన్నాయి ఊదే అతను తాడు కదిపాడో ఏమో, ఎద్దు తలాడించింది. లోపలికి పరుగెత్తుకొచ్చి, “అమ్మా, తినేసిందంట, మళ్ళీ పెట్టకు” అని చెప్పింది. నాకు అన్నిటికన్నా ఇష్టమైన గడి ఇది.

ఆ ఏడే బొమ్మల కొలువు. కొండపల్లి పొణికికర్ర దశావతారాలు, ఏటికొప్పాక అంకుడుకర్ర లక్కపిడతలు, అత్తయ్యగారి పుట్టింటి నుంచి వచ్చిన మట్టిబొమ్మలు. మొదటి రాత్రే ఈ పిల్ల మెట్లన్నిటి మీదా బొమ్మల్ని వరసగా పడుకోబెట్టి, జేబురుమాళ్ళు కప్పి, వేలు నోటి మీద పెట్టుకుని కాపలా కూర్చుంది. “ష్ష్, జోజో.” కొలువు ఎత్తేరోజున ఒక బొమ్మని పడుకోబెట్టడం మా ఇంటి ఆనవాయితీ. అత్తయ్యగారు ఏమంటారోనని చూస్తే, ఆవిడ దీపం తగ్గించి వెళ్ళిపోయారు.

కనుమ నాడు మినుము తినాలి కాబట్టి గారెలు వండితే చిన్నది గారె చిల్లులో వేలు దూర్చి చూసింది. “మధ్యలోది ఎవరు తినేశారు?” పళ్ళెంలో ఉన్న గారెలన్నీ చూసింది. అన్నిటికీ మధ్యలోది లేదు. ఇక అన్నమీద పడింది. వాడు ఏడుస్తూ ఒట్లు పెట్టుకున్నాడు. ఇద్దరినీ పొయ్యి దగ్గర కూర్చోబెట్టి నేను వేలితో చిల్లు పెట్టడం చూపిస్తే గానీ వాడిమీద నింద పోలేదు.

ఈ సంక్రాంతికి ఇంట్లో పసివాళ్ళున్న అమ్మలకి ఒక్కమాట. ఫోన్లో వీడియోలు ఎన్నయినా ఉండొచ్చు. కెమెరా కనబడగానే పిల్లలు ఆ మాట మళ్ళీ అనరు. ‘త’ పోయి ‘క’ వచ్చేస్తే మళ్ళీ రాదు. అన్నరోజునే, అన్నది అన్నట్టు, తేదీ వేసి రాసిపెట్టండి. క్యాలెండర్ గడి చాలు.

పెద్దాడు బెంగళూరు నుంచి, చిన్నది హైదరాబాదు నుంచి భోగి ముందురోజు దిగుతున్నారు. కనుమ నాడు కాకైనా కదలదంటారు, అది దాటేదాకా వాళ్ళనీ కదలనివ్వను. రాత్రి పెద్దాడు ఫోన్ చేసి, “అమ్మా, తాత భోజనం చేస్తావు కదా?” అన్నాడు.

వాడికి మూడేళ్ళప్పుడు ధనుర్మాసమంతా నాన్నమ్మ వేలు పట్టుకుని గుడికి వెళ్ళేవాడు. ప్రసాదం దద్దోజనమంటే వాడి చెవికి ‘తాత భోజనం’ అని వినిపించిందట. దొన్నె రెండు చేతులతో పట్టుకుని, ఒక్క మెతుకు నోట్లో పెట్టకుండా ఇంటిదాకా తెచ్చి, పడక్కుర్చీలో ఉన్న మామయ్యగారికి ఇచ్చి, “నీ బోజనం తెచ్చాను తాతా” అనేవాడు. ఆయన మొదటి ముద్ద తిని మిగిలింది వాడికి తినిపించేవారు. నెలంతా అలాగే జరిగింది.

మామయ్యగారు పోయి ఆరేళ్ళయింది. దద్దోజనం చేసిన రోజు మొదటి ముద్ద ఇప్పటికీ ఆయన ఫొటో ముందు పెట్టాకే మేం తింటాం.