చిప్పులో కరెంటు కోత

అల్వాల్ స్టేషన్లో మేడ్చల్ రైలు కోసం నిలబడ్డప్పుడు ఎప్పుడైనా తలెత్తి చూశారా? 2023 ఏప్రిల్‌లో ఎంఎంటీఎస్ నడవడం మొదలైన ఈ దారిలో, పట్టాల మీది తీగలో 25,000 వోల్టులుంటాయి. కింద మీ చేతిలో ఫోను. దాని ప్రాసెసరు అడిగేది ఒక వోల్టు, అటూ ఇటూగా. ఇంత కిందికి దిగడంలో పెద్ద మెట్లన్నీ ట్రాన్స్‌ఫార్మర్లవి. వాటి సంగతి బళ్లో చదువుకున్నదే. ఇవాళ్టి కబురు చివరి మెట్టుది. మీ వైఫై రౌటరులోకి 12 వోల్టుల డీసీ వస్తుంది, లోపలి చిప్పుకు 3.3 కావాలి. నికరమైన డీసీకి ట్రాన్స్‌ఫార్మరు పలకదు.

మరేం చేస్తారు? పాతకాలం ఎలిమినేటర్లలో మూడు కాళ్ల రెగ్యులేటరు ఉండేది. అది అక్కర్లేని వోల్టులను వేడిగా తగలేస్తుంది. ఒక ఆంపియరు వాడితే రౌటరుకు ముట్టేది 3.3 వాట్లు, గాలిలో కలిసేది 8.7. ఎండాకాలం కరెంటు పోయి బ్యాటరీ మీద నడుపుకునేటప్పుడు ఇది దండగమారి బేరం.

అందుకే కోస్తారు. ఇక్కడ స్విచ్చంటే మాస్‌ఫెట్ అనే ట్రాన్సిస్టరు. అది పూర్తిగా వేసినప్పుడు దానిమీద వోల్టేజీ దాదాపు పడదు, పూర్తిగా ఆపినప్పుడు కరెంటు పారదు. రెండు వేళల్లోనూ వేడి తక్కువే. 12 వోల్టులను నూటికి 27.5 వంతుల కాలమే వదిలితే సగటు 3.3. కానీ చిప్పు ఈ ముక్కల కరెంటును భరించలేదు కదా, అందుకని మధ్యలో ఒక తీగచుట్ట. కుట్టుమిషను చక్రం చూశారుగా, తొక్కడం ఆపినా కాసేపు తిరుగుతూనే ఉంటుంది. చుట్టలోని కరెంటుదీ అదే మొండితనం. పక్కనున్న కెపాసిటరు మిగిలిన ఎగుడుదిగుళ్లను సర్దేస్తుంది.

స్విచ్చు ఆగినప్పుడు ఆ కరెంటుకు దారేది? నేల (గ్రౌండు) వైపు నుంచి ఒక డయోడు పెట్టేవారు. అది దారిచ్చినందుకు 0.4 వోల్టుల దాకా సుంకం పుచ్చుకుంటుంది. 3.3 వోల్టుల దగ్గర సరే అనుకున్నా, ఒక వోల్టు దగ్గర అది దోపిడీయే. పైగా అప్పుడు నూటికి 92 వంతుల కాలం కరెంటు పోయేది ఆ దారినే. డయోడు తీసేసి అక్కడ రెండో మాస్‌ఫెట్ పెట్టి, మొదటిది ఆగగానే ఇది వేస్తే, అదే సింక్రనస్ కన్వర్టరు. ఎంపీ2307 అనే చిప్పులో రెండు మాస్‌ఫెట్లూ లోపలే ఉంటాయి, ఒక్కోటి సుమారు 0.1 ఓము. ఒక ఆంపియరుకు పడేది 0.1 వోల్టే.

చిక్కల్లా ఒక్కటే, ఆ రెండూ కలిసి క్షణమైనా వేసి ఉండకూడదు. ఉన్నాయా, 12 వోల్టులు నేరుగా నేలకు షార్టు! ఈ చిప్పు సెకనుకు 3,40,000 సార్లు కోస్తుంది. అంటే ఒక విడత మూడు మైక్రోసెకన్లకు లోపే. అందులోనే ప్రతి మార్పుకూ కొన్ని నానోసెకన్లు రెండింటినీ ఆపి ఉంచాలి.

నాకు బాగా నచ్చిన తమాషా ఇంకోటి ఉంది. పై మాస్‌ఫెట్‌ను, అంటే 12 వోల్టుల వైపున్న మొదటిదాన్ని, వేయాలంటే దాన్ని నడిపే కాలికి, అంటే గేటుకు, 12 కంటే మరో అయిదు వోల్టులు ఎక్కువ కావాలి. వోల్టులు దించడానికి పుట్టిన చిప్పు, ముందు తన కోసం పెంచుకోవాలన్నమాట! కింది మాస్‌ఫెట్ వేసి ఉన్నప్పుడు ఒక చిన్న కెపాసిటరును నింపుకుని, ఆనక దాన్ని భుజాన వేసుకుని పైకెక్కుతుంది.

కోఠి గుజరాతీ గల్లీలోని ఎలక్ట్రానిక్స్ దుకాణాలకు వెళితే డయోడుదీ, సింక్రనస్‌దీ, రెండు రకాల కన్వర్టరు బోర్డులూ పక్కపక్కన పెట్టి చూడండి. ఎల్‌ఎం2596 బోర్డు మీద చిప్పు పక్కన నల్లటి డయోడు కనిపిస్తుంది. బొటనవేలి గోరంత మినీ360 మీద అది ఉండదు. ఎంపీ2307 వచ్చేది దానిమీదే. తీగచుట్ట మాత్రం రెండింటిలోనూ బయటే, సిలికాన్‌లో ఇమిడేంత చిన్నది కాదది.

కొన్నాక తొందరపడి ఫోను తగిలించకండి. బోర్డు మీది చిన్న స్క్రూ బయటికొచ్చే వోల్టేజీలో కొంత వాటా తీసి చిప్పుకు చూపిస్తుంది. ఆ వాటా 0.925 వోల్టులకు తగ్గితే చిప్పు స్విచ్చును ఎక్కువసేపు వేస్తుంది, దాటితే తక్కువసేపు. స్క్రూను అంగట్లో ఎవరెటు తిప్పి వదిలారో! మల్టీమీటరు పెట్టి, ఫోను ఛార్జింగుకు కావలసిన 5 వోల్టులు చూపించేదాకా తిప్పి, ఆ తర్వాతే తగిలించండి.