గార్నెట్ రంగు ఎవరిది?

అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్ర రాజధాని టల్లహాసీ. అక్కడి ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టు గురించి ఒక కథ బాగా ప్రచారంలో ఉంది. (ఫుట్‌బాల్ అంటే మనం అనుకునే ఆట కాదు. కోడిగుడ్డు ఆకారపు బంతి, హెల్మెట్లు, భుజాలకి కవచాలు, ఒకర్నొకరు గుద్దుకుంటూ నేల కోసం గజాల లెక్కన కొట్లాడుకునే ఆట.) ఆ కథ 1947లో మొదలవుతుంది. ఆ ఏడాది పుట్టిన జట్టు ఆడిన 5 ఆటలూ ఓడిపోయింది. అదే రాష్ట్రంలో గెయిన్స్‌విల్‌లో యూనివర్సిటీ ఆఫ్ ఫ్లోరిడా ఉంది. పేరూ డబ్బూ శాసనసభలో పలుకుబడీ ఉన్న పెద్దింటి జట్టు దానిది. కొత్త జట్టుతో ఆడటానికే వాళ్ళు ఒప్పుకోలేదు. ఆ చిన్న జట్టు పట్టు వదలకుండా పోరాడి, 1993లో దేశ ఛాంపియన్‌గా నిలిచింది. గెయిన్స్‌విల్ జట్టుకి ఆ గౌరవం దక్కడానికి ఇంకో మూడేళ్ళు పట్టింది. పెద్దన్న నీడలోంచి తమ్ముడు బయటికొచ్చిన కథ అన్నమాట.

మంచి కథే. పరిశోధన పనిమీద టల్లహాసీలో ఉన్న కొన్ని నెలల్లో నేనీ కథ చాలామంది నోట విన్నాను. అక్కడ స్థిరపడిన ఒక తెలుగింటి అక్క కూడా ఆట ఉన్న శనివారం గార్నెట్ రంగు చొక్కా తొడుక్కుని, వంట పొద్దున్నే ముగించుకుని, ఈ కథ ఉత్సాహంగా చెప్పేది. గార్నెట్, బంగారం ఆ జట్టు రంగులు. అరటిపువ్వు రంగు పట్టుచీరకి జరీ అంచు వేసినట్టుంటాయి. ఆట చూస్తూ నేనూ అరిచాను. నా అభ్యంతరం ఆటతో కాదు, కథ మొదలయ్యే చోటుతో.

సాహిత్య పరిశోధనలో మేం నేర్చుకునే మొదటి పాఠం, కథ ఎక్కడ మొదలవుతుందో చూడమని. మొదలుపెట్టిన చోటుకి ముందున్నదంతా కథలో లేకుండా పోతుంది. 1947కి ముందు ఆ ఆవరణలో ఏముంది? ఫ్లోరిడా స్టేట్ కాలేజ్ ఫర్ విమెన్ ఉంది. ఆడవాళ్ళ కాలేజీ.

ఇంకా వెనక్కి వెళ్తే, 1905లో బక్‌మన్ చట్టం కనిపిస్తుంది. అప్పటిదాకా అక్కడక్కడా ఉన్న ప్రభుత్వ కళాశాలల్ని రద్దుచేసి, ఆ చట్టం ఉన్నత విద్యని మూడు ముక్కలు చేసింది. తెల్లజాతి మగవాళ్ళకి ఒకటి. అదే తర్వాత గెయిన్స్‌విల్ విశ్వవిద్యాలయమైంది. తెల్లజాతి స్త్రీలకి టల్లహాసీలో ఒకటి. నల్లజాతి వాళ్ళకి, ఆడా మగా కలిపి, అదే ఊళ్ళో ఇంకొకటి. అంతకుముందు టల్లహాసీ కాలేజీలో ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసే చదివేవారు. వాళ్ళకి ఫుట్‌బాల్ జట్టు కూడా ఉండేది. చట్టం వచ్చాక మగపిల్లలు వెళ్ళిపోయారు, వాళ్ళతోపాటు ఫుట్‌బాలూ వెళ్ళిపోయింది. 1904లో టల్లహాసీ జట్టుకి శిక్షణ ఇచ్చిన జాక్ ఫోర్సైత్, 1906లో గెయిన్స్‌విల్ జట్టుకి మొదటి కోచ్ అయ్యాడు. అంటే ఈ 'పెద్దన్న' నీడ ఆటస్థలంలో పడింది కాదు. ఆడవాళ్ళు ఎక్కడ చదవాలో, నల్లవాళ్ళు ఎక్కడ చదవాలో మగవాళ్ళు శాసనసభలో కూర్చుని తీర్మానిస్తే పడిన నీడ.

గార్నెట్ రంగు ఆ సమయంలోనే పుట్టింది. విశ్వవిద్యాలయం స్వయంగా చెప్పుకునే కథ ప్రకారం, వెళ్ళిపోయిన మగపిల్లల జట్టు రంగులు ఊదా, బంగారం. మిగిలిన ఆడపిల్లలు తమ కాలేజీకి ఎరుపు ఎంచుకున్నారు. యాజమాన్యం ఆ ఎరుపుకి పాత ఊదాని కలిపి గార్నెట్ తయారుచేసింది. ఈరోజు వేలమంది మగవాళ్ళు ఛాతీమీద వేసుకుని తిరిగే ఆ రంగులో సగం, ఓటు హక్కు కూడా లేని కాలంలో ఆడపిల్లలు ఎంచుకున్నది. ఈ సంగతి రహస్యమేమీ కాదు. అందరికీ అందుబాటులోనే ఉంది. అయినా విజయగాథ చెప్పేటప్పుడు ఎవరికీ గుర్తురాదు.

ఆ నలభై రెండేళ్ళూ అక్కడ ఏమీ జరగనట్టు ఉంటుంది చెప్పే తీరు. కానీ జరిగింది. దేశంలోని పెద్ద మహిళా కళాశాలల్లో ఒకటిగా ఎదిగింది ఆ కాలేజీ. అమెరికాలో విద్యా ప్రమాణాలకి గీటురాయిగా భావించే ఫై బీటా కప్పా సంఘం ఫ్లోరిడా రాష్ట్రంలో తన మొట్టమొదటి శాఖని 1935లో ఈ ఆడవాళ్ళ కాలేజీకే ఇచ్చింది, గెయిన్స్‌విల్‌కి కాదు. చదువులో ఎవరి నీడలో ఎవరున్నారో దీన్నిబట్టే తెలుస్తుంది. ఆటలూ ఉండేవి. పట్టా పుచ్చుకునే సంవత్సరం సరిసంఖ్యా, బేసిసంఖ్యా అన్నదాన్నిబట్టి కాలేజీ మొత్తం రెండు వర్గాలుగా చీలిపోయి ఏడాది పొడవునా పోటీపడేవాళ్ళు. 1920ల నుంచి దశాబ్దాలపాటు వ్యాయామ విద్య నడిపిన కేథరిన్ మాంట్‌గోమరీ పేరు ఆవరణలో ఒక భవనానికి ఇప్పటికీ ఉంది. కాలేజీ వార్షిక సంచిక పేరు 'ఫ్లాస్టాకోవో'. కాలేజీ పేరులోని మాటల మొదటి అక్షరాలు కూర్చి పెట్టుకున్న పేరు. చివరి 'వో' అంటే విమెన్. 1947 తర్వాత ఆ సంచిక పేరు కూడా మారిపోయింది.

కాలేజీ ఎందుకు మారింది? స్త్రీలకి సమాన విద్య ఇవ్వాలని ఎవరికో జ్ఞానోదయమై కాదు. రెండో ప్రపంచయుద్ధం ముగిసి సైనికులు తిరిగొచ్చారు. 1944 నాటి చట్టం వాళ్ళ చదువుకి ప్రభుత్వ ఖర్చు ఏర్పాటు చేసింది. గెయిన్స్‌విల్‌లో చోటు చాల్లేదు. 1946లో ఆ మగపిల్లల్ని కొందర్ని టల్లహాసీకి పంపి, పాత వైమానిక స్థావరంలో ఉంచారు. మరుసటేడు మే నెలలో చట్టం మార్చి రెండు సంస్థల్నీ ఆడా మగా కలిసి చదివేవి చేశారు. అంతకుముందు ఆడవాళ్ళు గెయిన్స్‌విల్‌లో అడుగుపెట్టాలంటే 1925 నాటి సడలింపు ప్రకారం 21 ఏళ్ళు నిండాలి, వేరేచోట రెండేళ్ళ చదువు పూర్తిచేసి ఉండాలి, ఆ కోర్సు ఆడవాళ్ళ కాలేజీలో దొరక్కుండా ఉండాలి. ఆడవాళ్ళు తలుపు తడితే ఇన్ని షరతులు. మగవాళ్ళకి చోటు కావలసివస్తే ఏకంగా ఒక కాలేజీ పేరే మారిపోయింది.

మారిన ఏడాదిలోనే ఫుట్‌బాల్ జట్టు తయారైంది. 1950లో స్టేడియం వచ్చింది. దానికి పెట్టిన పేరు డోక్ క్యాంప్‌బెల్. ఆయన 1941లో ఆడవాళ్ళ కాలేజీకి అధ్యక్షుడుగా వచ్చినవాడు. పదిహేను వేలమందితో మొదలైన ఆ స్టేడియం ఒక దశలో డెబ్భై తొమ్మిది వేలు దాటింది.

గెయిన్స్‌విల్ వాళ్ళు ఈ జట్టుని తీసిపారేయడానికి వాడిన ఎగతాళి ఒకటే. ఆడపిల్లల కాలేజీతో మాకు పోటీ ఏమిటి అని. వ్యవహారం శాసనసభలో బిల్లు పెట్టేదాకా వెళ్ళింది. గవర్నర్ లీరాయ్ కాలిన్స్ కల్పించుకున్నాక, 1958లో గానీ మొదటి ఆట జరగలేదు. 21-7తో గెయిన్స్‌విల్ గెలిచింది. ఆ తర్వాత కూడా ఆటలన్నీ వాళ్ళ ఊళ్ళోనే. 1964లో మొదటిసారి టల్లహాసీకి వచ్చి, 16-7తో ఓడి వెళ్ళారు. అభిమానులు ఈ రోజుని పండగలా తలుచుకుంటారు. వాళ్ళ సంతోషం నాకు అర్థమవుతుంది. తీసిపారేసినవాణ్ణి గెలిస్తే కలిగే సంతోషం అది.

అయితే ఆ గెలుపు ఎగతాళికి ఏమని జవాబు చెప్పింది? 'ఆడపిల్లల కాలేజీ అయితే తప్పేముంది' అని కాదు. 'మేం ఆడపిల్లల కాలేజీ కాదు, చూడండి' అని. ఈ రెండు జవాబుల మధ్య ఉన్న దూరం నాకు బాగా తెలుసు. ఒక జిల్లా కేంద్రంలో మహిళా కళాశాలలో డిగ్రీ చదివాను నేను. వక్తృత్వ పోటీలకి వెళ్తే వెనక బెంచీల్లోంచి 'ఆడపిల్లల కాలేజీ వాళ్ళొచ్చార్రా' అని వినపడేది. బహుమతి వస్తే 'ఆడపిల్లలైనా బాగా మాట్లాడారు' అనేవాళ్ళు. తెలుగులో ఆ 'అయినా' చాలా చిన్న మాట. కానీ అది అంటుకున్న గెలుపు మనకి పూర్తిగా దక్కదు. ఫ్లోరిడా స్టేట్ కుర్రాళ్ళకి కూడా మొదట దక్కింది అలాంటి గెలుపే. తేడా ఒక్కటే. వాళ్ళు ఆ 'అయినా'ని వదిలించుకోగలిగారు. కొన్నేళ్ళకి వాళ్ళని ఆడపిల్లల కాలేజీ అనేవాళ్ళు లేకుండా పోయారు. ఎగతాళి పోయింది. దాంతోపాటు ఆ ఆడపిల్లలూ జ్ఞాపకంలోంచి పోయారు.

ఇక చట్టం చేసిన మూడో ముక్క సంగతి. ఇప్పుడు దాని పేరు ఫ్లోరిడా ఏ అండ్ ఎమ్ యూనివర్సిటీ. అదే ఊళ్ళో, కూతవేటు దూరంలో ఉంది. ఫ్లోరిడా స్టేట్ జట్టు తడబడుతూ నడక నేర్చుకుంటున్న కాలానికి, 1945లో వచ్చిన కోచ్ జేక్ గైథర్ చేతిలో ఈ నల్లజాతి విద్యార్థుల జట్టు బలంగా ఉంది. 1969లో యూనివర్సిటీ ఆఫ్ టాంపా తెల్ల జట్టుతో ఆడి 34-28తో గెలిచింది. దక్షిణాదిలో నల్లవాళ్ళ కాలేజీ, తెల్లవాళ్ళ కాలేజీ తలపడిన మొదటి ఆటగా దాన్ని చెప్తారు. ఫ్లోరిడా స్టేట్‌లో మొదటి నల్లజాతి విద్యార్థులు చేరింది 1962లో. 'రాష్ట్రంలో రెండు జట్లు, ఒకదాని నీడలో ఒకటి' అని కథ చెప్పినప్పుడల్లా ఈ మూడోది లెక్కలోకి రాదు. స్త్రీల కాలేజీ చరిత్రని వెనక్కి తెచ్చుకునేటప్పుడు నేను కూడా జాగ్రత్తగా ఉండాల్సింది ఇక్కడే. ఆ కాలేజీ తెల్లజాతి స్త్రీలది. అదే ఊళ్ళో వాళ్ళ వయసు నల్లజాతి అమ్మాయిలకి దాని గేటు మూసే ఉంది. నీడలో ఉన్నవాళ్ళ నీడ కూడా ఇంకొకరి మీద పడుతుంది.

తర్వాతి కథ అందరికీ తెలిసిందే. 1973లో 11 ఆటలూ ఓడారు. 1976లో బాబీ బౌడెన్ కోచ్‌గా వచ్చాడు. మరుసటేడు 37-9తో గెయిన్స్‌విల్‌ని ఓడించి తొమ్మిదేళ్ళ వరస ఓటములకి తెర దించాడు. 1987 నుంచి 2000 దాకా పద్నాలుగేళ్ళు జట్టు ఏటా దేశంలో మొదటి అయిదింటిలో ఉంది. జట్టు పేరు సెమినోల్స్, అక్కడి ఆదివాసుల పేరు. 1978 నుంచి ప్రతి సొంతూరి ఆట ముందూ ఒసియోలా వేషంలో ఒక విద్యార్థి గుర్రమెక్కి వచ్చి, మండే బల్లెం నేలలో గుచ్చుతాడు. ఫ్లోరిడా సెమినోల్ తెగ అనుమతితోనే ఇది జరుగుతోంది. ఆ మొదటి వేషం దుస్తులు కుట్టింది ఆ తెగ స్త్రీలే అని చెప్తారు. ఆ గుర్రాన్నీ రౌతునీ చూసే కళ్ళకి ఆ కుట్టుపని ఎక్కడ కనిపిస్తుంది?

1972లో వచ్చిన టైటిల్ నైన్ చట్టం ప్రభుత్వ సొమ్ము అందుకునే చదువుల్లో లింగవివక్ష కూడదంది. ఆటలకీ అది వర్తించింది. టల్లహాసీలో ఆడపిల్లల జట్లు మళ్ళీ లేచాయి. 1981, 82 సంవత్సరాల్లో సాఫ్ట్‌బాల్ జట్టు జాతీయ ఛాంపియన్ అయింది. అంటే ఫుట్‌బాల్ కుర్రాళ్ళకంటే పన్నెండేళ్ళు ముందే. 2014కీ 2023కీ మధ్య సాకర్ అమ్మాయిలు నాలుగుసార్లు దేశాన్ని గెలిచారు. 2018 చూడండి. ఆ వేసవిలో సాఫ్ట్‌బాల్ జట్టు జాతీయ ఛాంపియన్, డిసెంబర్‌లో సాకర్ జట్టు జాతీయ ఛాంపియన్. అదే ఏడు ఫుట్‌బాల్ జట్టు 5 గెలిచి 7 ఓడి, గెయిన్స్‌విల్ చేతిలో 41-14తో దెబ్బతింది. 1976 తర్వాత గెలుపులకంటే ఓటములు ఎక్కువైన సీజన్ అదే మొదటిది. ఆ అక్క ఇంట్లో ఆ సంవత్సరం గురించి మాటొస్తే 'పాడు సంవత్సరం' అనేవాళ్ళు. రెండు జాతీయ విజయాలున్న ఏడాది పాడు సంవత్సరం ఎలా అయింది అని అడిగాను. ఆ అక్క కాసేపు ఆలోచించి, నిజమే, అవి లెక్కలోకి తీసుకోలేదు అంది.

ఇది టల్లహాసీకే పరిమితమైన విషయం కాదు. హైదరాబాద్‌లో 1924లో మొదలైన కోఠీ మహిళా కళాశాల 2022లో విశ్వవిద్యాలయమైంది. 2024లో చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. ఎదగడం కోసం అది ఆడవాళ్ళది కాకుండా పోనక్కర్లేకపోయింది. నాకది సంతోషం. కానీ మన జిల్లాల్లో మహిళా కళాశాలలు ఎన్నో ఉన్నాయి. వాటి పాత సంచికలు, హాస్టల్ రిజిస్టర్లు, ఆటల పోటీల ఫోటోలు బీరువాల్లో చెదలు పట్టిపోతున్నాయి. రేపు వాటిని దేనిలోనో కలిపేస్తే, పేరు మార్చేస్తే, చరిత్ర ఆ రోజునుంచే మొదలైందని ఎవరో ఒకరు రాస్తారు. రాసేవాళ్ళకి దురుద్దేశం కూడా ఉండక్కర్లేదు. ముందున్నదాన్ని ఎవరూ రాసిపెట్టకపోతే చాలు.

ఫ్లోరిడా ఆడపిల్లల అదృష్టం కొద్దీ ఒకరు రాసిపెట్టారు. రాబిన్ జీన్ సెల్లర్స్ 1995లో 'ఫెమినా పర్ఫెక్టా' పేరుతో ఆ మహిళా కళాశాల చరిత్రని పుస్తకంగా తెచ్చింది. మొదటి ఫుట్‌బాల్ ఛాంపియన్‌షిప్ వచ్చిన రెండేళ్ళకి. మనం చదివిన కాలేజీల గురించి మనలో ఎవరం రాస్తున్నాం?