అమ్మీ చదివిన బొమ్మలు

నా తల్లికి అక్షరజ్ఞానం లేదు. ఉర్దూ గాని, తెలుగు గాని ఆమె చదువలేదు. వేలిముద్ర వేయడమే ఎరుగును. మన కళాశాల వార్షిక సంచికలో ఉర్దూ పుటలు ఒక వైపునుండి, తెలుగు పుటలు మరొక వైపునుండి ప్రారంభమై నడుమ ఎక్కడో కలుసుకొంటాయి. ఏటేటా ఆ సంచికను ఇంటికి తీసుకొనిపోయి ఆమె చేతిలో ఉంచినప్పుడు, రెండు వైపులా తిరగవేసి, ఛాయాచిత్రాలున్న పుటవద్ద ఆగి, "గింతేనా బేటా బొమ్మలు?" అని అడిగేది. ఆ ప్రశ్నను చాలాకాలం నేను అమాయకత్వమని భావించాను.

2021 సంవత్సరం జనవరి మాసంలో, కరోనా భయంవల్ల పాఠాలన్నీ ఇంటినుండే సాగుతున్న రోజులలో, అమెరికాలోని ఒక నగర పౌర గ్రంథాలయం చిత్రకళను, కథాకథనాన్ని గూర్చి ఆరు వారాలపాటు ఆన్‌లైన్ కార్యక్రమాలు నిర్వహిస్తున్నదని మిత్రుడొకడు తెలిపాడు. రుసుము లేదు, సభ్యత్వ పత్రం అడుగరు, ఏ దేశంవారైనా చేరవచ్చును. వారికి శుక్రవారం రాత్రి ఎనిమిది గంటలైనప్పుడు మనకు శనివారం ఉదయం ఆరున్నర. అమ్మీ ఫజర్ నమాజు ముగించుకొని, తస్బీహు చేతబట్టుకొని నా గదిలో కూర్చుండే వేళ అది. ఆమెను నేను ఆహ్వానించలేదు. ఆమె అక్కడ ఉన్నది, అంతే.

గ్రంథాలయం అనగానే నా మనస్సులో మెదిలేది అఫ్జల్‌గంజ్‌లోని పెద్ద భవనమే. 1891లో వెలసిన ఆసఫియా గ్రంథాలయానికి నిలయమై, నేడు రాష్ట్ర కేంద్ర గ్రంథాలయంగా మూసీ ఒడ్డున నిలిచివున్న ఆ భవనంలో నా విద్యార్థి జీవితం సగం గడిచింది. అక్కడ నేను నేర్చుకొన్న మొదటి మర్యాద నోరు మెదపకుండా ఉండటం. ఈ గ్రంథాలయమో, మాట్లాడండి అని ప్రాధేయపడుతున్నది!

వారి పద్ధతి మిక్కిలి సరళమైనది. అబిగెయిల్ హౌసెన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, న్యూయార్కు ఆధునిక కళా ప్రదర్శనశాలలో విద్యాశాఖను నడిపిన ఫిలిప్ యెనవైన్ కలిసి రూపొందించిన పద్ధతి అట. తెరమీద ఒక చిత్రాన్ని నిలుపుతారు. చిత్రకారుని పేరు చెప్పరు, కాలం చెప్పరు. మూడే ప్రశ్నలు వేస్తారు. ఈ చిత్రంలో ఏమి జరుగుతున్నది? నీవు అలా అనడానికి ఇందులో ఏమి చూశావు? ఇంకా ఏమి కనబడుతున్నది? ముప్పది ఏండ్లుగా పద్యానికి ప్రతిపదార్థం చెప్పించి, తాత్పర్యం వ్రాయించి మార్కులు వేస్తూ వచ్చిన నాకు ఈ మూడు ప్రశ్నలు మొదట పిల్లల ఆటలా తోచాయి.

రెండవ వారం వారు చూపినది హమ్జానామాలోని ఒక చిత్రం. ఆ గ్రంథాన్ని గూర్చి కొంత చెప్పవలసి ఉన్నది. ప్రవక్తగారి పినతండ్రి అమీర్ హమ్జా పేరిట అల్లుకొన్న సాహసగాథలను అక్బరు పాదుషా సుమారు 1562 ప్రాంతంలో బొమ్మలుగా వేయించ నారంభించాడు. హుమాయూను ఇరాను నుండి పిలిపించిన మీర్ సయ్యద్ అలీ, అబ్దుస్ సమద్ అనే ఇద్దరు ఆచార్యుల పర్యవేక్షణలో పదిహేను సంవత్సరాలు పని సాగింది. నూలుగుడ్డమీద, రెండడుగులకు మించిన ఎత్తున, దాదాపు 1400 చిత్రాలు తయారైనవి. నేడు మిగిలినవి రెండువందల లోపే. చిత్రానికి వెనుకవైపున పారశీక భాషలో కథ వ్రాసి ఉంటుంది. బొమ్మను సభకు ఎత్తిచూపుతూ వెనుకనుండి కథ చదివేవారని పండితుల ఊహ. అది నిజమైతే, చూచేవారికి అక్షరం కనబడదు. బొమ్మ మాత్రమే కనబడుతుంది, కథ చెవిన పడుతుంది.

ఆనాటి చిత్రంలో పైన దట్టమైన చెట్లు. కింద సుడులు తిరుగుతున్న నీరు, అందులో చేపలు, మొసలి. నీటిలో ఒక యువకుడు, అతనిని ఆదుకొంటున్న ఒక వృద్ధుడు. సభ్యులు ఒక్కొక్కరుగా రంగుల పొందిక అన్నారు, నీటి చలనం అన్నారు. నేనును పరిభాషను జోడించి రెండు వాక్యాలు పలికాను. అప్పుడు నా వెనుకనుండి అమ్మీ గొంతు వినబడింది.

"వాడు మునుగుతున్నడు బేటా. గా పెద్దాయన ఖిజర్ గావచ్చు, లేకుంటె ఇల్యాస్. ఆపద వస్తె వాళ్ళే గద వచ్చేది. మొకంల జెర్రంత బుగులు లేదు చూడు."

ఆ మాటలు అక్కడివారికి వినిపించాయి. ఇప్పుడు మాట్లాడినది ఎవరని నిర్వాహకురాలు ఆసక్తితో అడిగింది. నేను వెంటనే మైకు ఆపివేసి, 'క్షమించండి, ఇంటిలో అలికిడి' అని వ్రాసి పంపాను.

చివర ఆమె చిత్రం పేరు చెప్పింది. సముద్రంలో మునిగిపోతున్న నూరుద్దహర్ రాకుమారుని ఇల్యాస్ ప్రవక్త కాపాడుట. మూలం లండనులోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నదట. సభలో ఉన్న ఒక్కరూ ఊహించలేని సంగతిని నా తల్లి చెప్పింది. నేను దానిని అలికిడి అన్నాను. ఆ వారమంతా ఈ మాట ఆమెకు చెప్పలేదు. చెప్పలేకపోయాను. విద్యార్థి తప్పు సమాధానం వ్రాస్తే ఎర్రసిరాతో గీత గీసే చేయి, తన తప్పువద్ద ఎంతగా వణుకుతుందో అప్పుడు తెలిసింది.

తరువాతి శనివారం ఉదయం ఆమె నా గదికి రాలేదు. నేనే వంటింటికి వెళ్ళి, చాయ్ పోస్తున్న ఆమెతో, "అమ్మీ, నీవు చెప్పినదే నిజం. ఆయన ఇల్యాసే" అన్నాను. ఆమె ఆశ్చర్యపడలేదు. "నాకెర్కనే" అన్నది. అక్బరుకు చదువను వ్రాయను రాదనీ, ఆయన కుమారుడు జహాంగీరే ఆ సంగతి తన స్వీయచరిత్రలో వ్రాసుకొన్నాడనీ, పుస్తకాలన్నీ ఇతరులచేత చదివించుకొని వినేవాడనీ చెప్పాను. "పాదుషా సుత నా అసొంటోడేనా!" అని ఫక్కున నవ్వి, కప్పు పట్టుకొని వచ్చి నా పక్కనే కూర్చుంది. ఈసారి వెనుక కాదు.

ఆనాడు చూపినదీ హమ్జానామా పుటయే. కాని అందులో కొన్ని ముఖాలు గీకివేయబడి ఉన్నవి. 1881లో శ్రీనగరులో పర్డన్ క్లార్క్ అనే ఆంగ్లేయుడు ఈ గ్రంథపు పుటలు కొన్నింటిని కనుగొన్నాడు. వాటిలో కొన్నింటిని చలిగాలి రాకుండా కిటికీలకు కప్పివుంచారు. ఇది విని సభ్యులందరూ అయ్యో అన్నారు. నేనును అన్నాను. నా మాటను ఆమెకు ఉర్దూలో చెప్పి, ఆమె మాటను నేనే ఆంగ్లంలో వారికి విన్నవించాను. మైకు తెరిచే ఉంచాను.

"మొకాలు గీకినోడు పాపం చేసిండు. కిటికీకి కట్టినోన్ని మాత్రం ఏమనకుండ్రి. సలికి పిల్లలు వణుకుతుంటె గుడ్డ గుడ్డనే. మా అమ్మ నా నిఖా చీర చింపి బొంత కుట్టింది."

కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. అనంతరం ఒక వృద్ధురాలు తన అమ్మమ్మ కుట్టిన బొంతను గూర్చి చెప్పనారంభించింది. చర్చ చిత్రంనుండి దూరంగా వెళ్ళిపోయిందని నాకు కొంత చిరాకు కలిగిన మాట వాస్తవం. అధ్యాపకుని అలవాటు తేలికగా పోదు.

ఆఖరి వారం సభ్యులు తమ ప్రాంతపు చిత్రకథనొకదానిని చూపవచ్చునన్నారు. అమ్మీ పుట్టినది చేర్యాల దాపున ఉన్న పల్లె. చేర్యాల పటాలను చూడని తెలంగాణవారు ఇప్పుడు తక్కువే. గోడకు తగిలించే చిన్న బొమ్మలుగా, ముఖోటాలుగా నగరంలో అమ్ముతున్నారు. కాని అసలు పటం అది కాదు. ఖాదీ గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల పిండి కలిపి పూతలు పూసి, ఎర్రని నేలమీద అడ్డవరుసలుగా కథను దించి, పదుల అడుగుల పొడవున చుట్టచుట్టేవారు. పద్మశాలీలకు కూనపులివారు, మాదిగలకు డక్కలివారు, ఇలా ఒక్కొక్క కులానికి దాని పురాణాన్ని పటం విప్పి చెప్పే ఆశ్రిత కులాలు ఉండేవి. బొమ్మలు వేసేవారిని నకాశీలంటారు. నక్ష్, నక్కాష్ అనే మాటలు మన ఉర్దూ శాఖవారికి నేను వివరించనక్కరలేదు. జాంబపురాణాన్నీ, మార్కండేయ పురాణాన్నీ తెలుగు పల్లెకు చిత్రించి ఇచ్చినవాని పేరు పారశీకం మీదుగా వచ్చింది. ఇన్నేండ్లు రెండు భాషల నడుమ పనిచేస్తూ ఈ మాటను నేను గమనించనేలేదు.

సాలెవాడలో రాత్రివేళ దీపాల వెలుతురులో కూనపులివారు పటం కట్టినప్పుడు, వాకిలి చివర పక్కింటి పిల్లలతో కూర్చుండి అమ్మీ ఆ కథ విన్నదట. నేనొక పటపు ఛాయాచిత్రాన్ని సంపాదించి తెరమీద పూర్తిగా పరిచాను. ఆమె నుదురు ముడుచుకొన్నది.

"గట్ల మొత్తం ఒక్కపారే చూపెడ్తె కథ ఏముంటది? ముయ్యి."

వేలితో చిత్రాన్ని పెద్దది చేసి, మొదటి వరుస మాత్రమే కనబడేటట్లు నిలిపాను. ఆమె చెప్పసాగింది, నేను ఆంగ్లంలో చెప్పసాగాను. నా మాట ఆమె మాటకంటె ముందుకు పోతే మోచేతితో పొడిచేది. "ఆపు" అంటే ఆపాను. "ఇగ జరుపు" అంటే జరిపాను. నిర్వాహకురాలు తన మూడు ప్రశ్నలనూ వేయడం మరచిపోయింది. మూడవ వరుస దాటకముందే నియమిత కాలం ముగిసింది. ఆమె అందరికీ కృతజ్ఞతలు చెప్పి, సెలవు తీసుకొంటామన్నది. ఆ మాటను నేను అనువదించగానే అమ్మీ తెరవైపు వంగి, నేరుగా వారితోనే తెలుగులో అన్నది:

"భావనారుషి ఇంక పుట్టనేలేదు. అప్పుడే పోతమంటరేంది?"